చివరి తలుపు వెనక

తణుకులో ఇప్పుడు పాత టీవీ గేములు ఆడాలంటే క్యాసెట్ అక్కర్లేదు. నుదుటికి పట్టీ కట్టుకుంటే టీవీకి తగిలించిన పెట్టె మన జ్ఞాపకంలోంచి ఆటను తయారు చేస్తుంది. అరవై దాటిన ఫణీంద్ర వారం రోజులుగా ఒకే ఆట ఆడుతున్నాడు. ఆటలో అతని బొమ్మ ఒక కోట చివరి తలుపు దగ్గరికి చేరగానే తెర నల్లబడుతోంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ తలుపు దాకా వచ్చేసరికి కరెంటు పోయేది. దాని వెనక ఏముందో అతను చూడలేదు కనుక పెట్టెకీ తెలియదు.

చూశానని అప్పట్లో గొప్పలు పోయింది అక్క హైమావతి. ఆమెను పిలిపించి, నుదుటికి పట్టీ కట్టి ఆడించాడు.

ఈసారి తలుపు తెరుచుకుంది. కోటలోని రాజు బయటికొచ్చి బొమ్మ చేతిలో పూతరేకు పెట్టాడు.

"చూశావా? నే చెప్తే నమ్మావట్రా అప్పుడు?" అంది హైమావతి.

"జపానోళ్ల ఆటలో పూతరేకేంటక్కా? నన్ను ఏడిపించడానికి అల్లావు కదూ?"

ఆమె తెర వంక చూసింది. "అల్లానేమోరా. మరి ఇప్పుడు కళ్లారా చూశాను కదా. నువ్వూ చూశావు."

అసలు సంగతి తేల్చుకుందామని ఫణీంద్ర పట్టీ కట్టుకుని మొదటినుంచి ఆడాడు. చివరి తలుపు దగ్గర తెర నల్లబడలేదు. రాజు పూతరేకుతో వచ్చాడు.

ఫణీంద్ర ఆట ఆపాడు.

"అక్కా, ఇక్కడ కరెంటు పోయేది కదూ?"

"పోయేదా?" అంది హైమావతి.