ఇహ్రాం బట్టకు జేబుండదు

"అజీ, గోలీలు! గోలీలు యాడున్నయ్?"

జిద్దా పోయే విమానం మబ్బుల మీదికొచ్చి గంటయింది. జబ్బార్ తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

జమాలున్నీసా భర్త ముఖం వైపే చూస్తోంది. ఎనిమిది వారాల కిందట కరీంనగర్‌లో, తన చెప్పుల దుకాణంలోనే గుండెపోటుతో కుప్పకూలిన మనిషాయె! డాక్టర్ శరత్‌చంద్ర మొన్న పరీక్షలన్నీ చేసి పొమ్మన్నాడు గానీ, రెండు షరతులు పెట్టాడు.

"నాలిక కింద వెట్టుకునే గోలీలు ఒంటి మీదనే ఉండాలె చాచా. సంచిల గించిల వెట్టొద్దు. గంటకోసారి లేచి జర నడువుండ్రి."

బుద్ధిగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తీరా ఎయిర్‌పోర్టులో, మక్కా యాత్ర ఉమ్రాకని ఇహ్రాం కట్టుకున్నాడు. కుట్టు లేని రెండు తెల్ల బట్టలు. వాటికి జేబెక్కడిది? నడుముకు పాస్‌పోర్టు పెట్టుకునే బెల్టు సంచి ఒక్కటే. విప్పిన చొక్కా మడతపెట్టి సంచిలో వేశాడు. సంచేమో తలపై అరలో ఉంది. గోలీల డబ్బీ చొక్కాలోనే ఉండిపోయింది.

అసలీ ప్రయాణమే ఆమెకు ఇష్టం లేదు. అయిదేళ్ల కింద ఆమెను ఇంట్లో వదిలి ఒక్కడే ఉమ్రా చేసొచ్చాడు. ఈ గుండెతో మళ్లీ ఎందుకట? వద్దని ఎంత చెప్పినా టికెట్లు తెచ్చాడు. ఎన్నడు విన్నాడు గనక ఆమె మాట!

జబ్బార్ చెయ్యి ఛాతీ మీదికి పోయింది. నుదుట చెమట పట్టింది. జమాలున్నీసాకు పైప్రాణం పైనే పోయింది. అర తెరుద్దామంటే ఆమె వల్ల కాలేదు. ఆయన చెవి దగ్గరికి వంగింది.

"అంగి జేబుల ఉన్నయ్ జీ! అంగి!"

జబ్బార్ ఉలిక్కిపడ్డాడు. పక్క సీట్లో కునుకుతున్న కొడుకును తట్టాడు.

"జియా, నా అంగి తియ్యి బేటా, జల్దీ! గోలీలు దాంట్లనే ఉన్నయ్."

జియావుల్లా ఒక్క ఉదుటున లేచి సంచి దింపాడు. గోలీ నాలిక కింద పడింది. కాసేపటికి నొప్పి తగ్గింది. డబ్బీని తండ్రి నడుముకున్న బెల్టు సంచిలో పెట్టి జిప్ వేశాడు.

"గంత పరేషాన్ల ఎట్ల యాదికొచ్చింది అబ్బా?"

"మీ అమ్మీ చెవుల చెప్పినట్టయింది."

జియావుల్లా ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఇన్నాళ్లకు నా మాట విన్నాడు అనుకుని జమాలున్నీసాకు ఏడుపొచ్చింది.

నాలుగు గంటలు గడిచాక, ఉమ్రా దీక్ష మొదలయ్యే హద్దు మీఖాత్ దగ్గరికొచ్చింది, ఉమ్రా సంకల్పం చెప్పుకోండని విమానంలో ప్రకటించారు. జబ్బార్ రెండు చేతులూ ఎత్తాడు.

"యా అల్లా, పోయినసారి నా కోసం ఒక్కన్నే వచ్చిన, గీ ఉమ్రా మాత్రం మొన్న రంజాన్‌ల కాలం జేసిన నా జమాలున్నీసా పేరు మీద జేస్తున్న, కబూల్ జెయ్."