ఊదుగొట్టం

"మెల్లగా ఊదత్తా. ఇంకా పొడుగ్గా... ఊపిరంతా అయిపోవాల," అంది గౌతమి.

కాసులమ్మ ఊదుగొట్టాన్ని పక్కన పడేసింది. "గ్యాసుండగా ఈ కర్రల పొయ్యేటే? నన్ను పొగెట్టి సంపేత్తావా?"

"కర్రల మీద కాగిన నీళ్ళు ఒంటికి మంచివత్తా. ఊదు."

కోడలి గొంతులో కోపం లేదు. కాసులమ్మ అనుమానమంతా అక్కడే. అటక మీది ఊదుగొట్టాన్ని దింపి తనకీ చాకిరీ పెట్టింది ఈ మధ్యనే. బుధవారం ఫోన్లు మొదలైనదీ అప్పుడే.

కొడుకు సుమన్ గుజరాత్ బోట్ల మీద చేపల వేటకి వెళ్ళాడు. అతను ఫోన్ చేసేది రాత్రిళ్ళు. మరి బుధవారం మధ్యాహ్నం జీడితోటలోకి పోయి కోడలు గుసగుసలాడేది ఎవరితో?

ఆలోచిస్తుంటే కాసులమ్మ చెయ్యి తనంతట తానే కాలి మీదికి పోయింది. చీలమండ పైన బొటనవేలితో నొక్కి చూసుకుంది. సొట్ట పడలేదు. మళ్ళీ నొక్కింది. మొగుడు సన్యాసయ్యకి కిడ్నీ జబ్బు కాళ్ళ వాపుతోనే బయటపడింది. ఆయన పోయిన దగ్గర్నుంచీ ఆమెకిదే పని, పైగా గుండెదడ. పలాసలో పరీక్షలు చేసిన డాక్టరు కిడ్నీలు బాగున్నాయన్నాడు. శ్రీకాకుళం వెళ్ళి మనసు డాక్టరుకి చూపించుకోమన్నాడు. "నాకేటి పిచ్చా?" అని కాసులమ్మ బస్సెక్కలేదు.

"అత్తా, ఈ జీడిపప్పు పొట్టు తియ్యవా?" గౌతమి చాట తెచ్చి ఒళ్ళో పెట్టింది. కాలి మీద చెయ్యి పడితే చాలు, ఏదో ఒక పని తెచ్చి పెడుతుంది.

"కుదురుగా కూకోనివ్వవు కదే!"

ఆ బుధవారం గౌతమి అటు వెళ్ళగానే పక్కింటి అసిరమ్మ ఇటు వచ్చింది.

"వదినా, పోయినోరం నీ కోడలి ఫోన్లో మగగొంతు ఇన్నాను. నాకెందుకులే అని ఊరుకున్నాను గానీ..."

"ఊరుకున్నదానివి ఇప్పుడెందుకు సెప్తన్నావే?" అంటూనే కాసులమ్మ లేచింది. గుండె దడదడలాడుతోంది. తోటలో జీడిచెట్టు చాటున నిలబడింది.

"మీరిక్కడికి రాలేరు, మేమక్కడికి రాలేం. ఇలా ఫోన్లోనే కానియ్యాల సార్," అంటోంది గౌతమి. "మా ఆయనొచ్చేలోగా అయిపోతాదంటారా? అత్తకి తెలిస్తే మాత్రం నన్ను బతకనివ్వదు... హలో? హలో?"

సిగ్నల్ పోయినట్టుంది.

కాసులమ్మ ఇంటికొచ్చి కోడలి చీరలన్నీ సంచిలో కుక్కి గుమ్మంలో పడేసింది.

తిరిగొచ్చిన గౌతమి సంచిని చూసి ఆగిపోయింది. "ఇదేటత్తా?"

"నీ పుట్టింటికి పో. నా కొడుక్కి నేను సెప్పుకుంటాను."

"నేనేటి సేసాననత్తా?"

అంతలో గౌతమి చేతిలో ఫోను మోగింది. కాసులమ్మ లాక్కుంది.

"వొద్దత్తా... నీ కాళ్ళట్టుకుంటాను, ఇచ్చీ!"

"ఎవుడ్రా నువ్వు?" కాసులమ్మ ఫోన్లో అరిచింది. "నా కోడలితో నీకేటి పని?"

అవతల నుంచి ఓ మగగొంతు మెత్తగా అడిగింది.

"ఊదుగొట్టం ఊదుతుంటే గుండెదడ తగ్గుతోందా, కాసులమ్మ గారూ?"