ముందు మీరు

"ముందు మీరు తాగి చూడుండ్రి" అని కంప్యూటర్ తెర మీద శ్రీకాంత్ రాసిన అక్షరాలు పడ్డాయి.

ప్రణవి ముఖం చిట్లించింది. పాడుబడ్డ కోట గుమ్మం దగ్గర దొరికిన రెండు ఆకుపచ్చ సీసాల్లో ఏముందో ఇద్దరికీ తెలియదు. ఆటలో ఆమె చిన్న మంత్రదండం తప్ప ఏమీ లేని మాంత్రికురాలు. అతను నిలువెత్తు ఇనుప కవచం, కత్తి, డాలు ఉన్న వీరుడు. ఏరికోరి ఆ వేషమే తీసుకున్నాడు. తన సీసా పట్టుకుని ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు.

సరేనని ప్రణవి తాగింది. ఆమె బొమ్మ పొట్ట పట్టుకుని మోకాళ్ల మీద కూలబడి పచ్చగా వాంతి చేసుకుంది. వీరుడు రెండడుగులు వెనక్కి వేశాడు. తన వంతు సీసాని భద్రంగా సంచిలో పెట్టేసుకున్నాడు.

శ్రీకాంత్‌ది తాండూరు. వాళ్లకు బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. పోయిన వారం తల్లితో కలిసి వికారాబాద్ వచ్చి ప్రణవిని చూసి, నచ్చిందని చెప్పి వెళ్లాడు. ప్రణవి తండ్రి బాల్‌రాజ్ ఈ సాయంత్రం ఫోన్ చేసి మాట ఖాయం చెయ్యాలి. ఆ లోపు తనకిష్టమైన ఆట ఒకటి కలిసి ఆడదామని ప్రణవే అడిగింది. ఎన్నడూ ఆడలేదు గానీ ప్రయత్నిస్తానన్నాడు. కొత్తవాడు కదా, జాగ్రత్తగా ఆడతాడులే అనుకుందామె.

కానీ ఆ జాగ్రత్తంతా అతని ఒంటి వరకే. జలగలు తేలే బురద మడుగు వస్తే ఆమెనే ముందు దిగమన్నాడు. ఆమె నడుం లోతు మునిగి, మెడ మీది జలగలు పీక్కుంటూ ఒడ్డెక్కాక, ఆమె అడుగులు పడ్డచోటే అడుగులేస్తూ శుభ్రంగా దాటాడు. దారిలో కుళ్లిన శవాలు కనబడితే మాత్రం వెనక ఉండలేదు. ఒక్కో శవాన్నీ బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి, పురుగులు రాలుతున్న జేబుల్లో చెయ్యి పెట్టి వెతికాడు. దేన్నీ వదల్లేదు. విరిగిన దువ్వెన కూడా తీసి సంచిలో వేసుకున్నాడు.

లోయలోకి దిగగానే మూడు తోడేళ్లు మీద పడ్డాయి. ప్రణవి ఒక్కదాన్ని కాల్చింది. రెండోది ఆమె భుజం పట్టింది. రక్షించమని రాసింది. వీరుడు చెట్టు చాటున నిలబడి ఉన్నాడు.

"జర ఆగుండ్రి. చూస్తున్న" అని జవాబొచ్చింది.

గాయం మాన్పే మందు అతని సంచిలోనే ఉంది. ఆట మొదట్లో ఆమెకు దొరికిందే, దెబ్బలు తినేది కత్తి పట్టినవాడు కదా అని తనే ఇచ్చింది. ఆ మందు వెయ్యమని రాసింది. మళ్లీ రాసింది. చెట్టు చాటు నుంచి అలికిడి లేదు. చేతనైనంత సేపు పోరాడి, మిగిలిన రెండింటినీ చంపి, ఆమె బొమ్మ నెత్తుటి మడుగులో వాలిపోయింది. ఊపిరి పోయినా కాసేపు వ్యవధి ఉంటుంది. పక్కనున్నవాడు ఆ లోపు మందు పోస్తే లేచి కూర్చోవచ్చు.

తోడేళ్లు కదలడం లేదని తేల్చుకున్నాక వీరుడు మెల్లగా వచ్చాడు. ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పోనీ ఇప్పటికైనా కదిలాడు అనుకుంది ప్రణవి.

అతను ఆమె వేలి ఉంగరం తీసుకున్నాడు. మంత్రదండం తీసుకున్నాడు. తర్వాత ఆమె కాళ్ల చెప్పులు ఒకటొకటిగా విప్పుకున్నాడు.

ప్రణవి ఆట ఆపను కూడా ఆపకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తల్లి ఇంద్రమ్మ తీరిగ్గా కందులు చెరుగుతోంది. ఈ సంబంధం వద్దని చెప్పింది ప్రణవి. ఎందుకని తల్లి అడిగితే జరిగిందంతా చెప్పింది.

"గేమ్ల గట్ల జేసిండని ఇంత మంచి సంబంధం వద్దంటవా?" అంది ఇంద్రమ్మ. "కొత్తాయె, భయపడ్డడేమో."

"భయపడితే పారిపోవాలె. సచ్చిపడి ఉంటె నా కాళ్ల చెప్పులు ఇప్పుకున్నడమ్మా. నాకు రోత పుట్టింది. గాయన పక్కన నేను కూసోలేను."

ఇంద్రమ్మ చాట పక్కన పెట్టింది. పిల్లగాడు కాస్త పిరికివాడే అనుకున్నా, అతని తల్లి మనసు మాత్రం బంగారమని నచ్చజెప్పింది. చూడవచ్చిన రోజు తిన్న పళ్లెం కూడా తనే తీయబోయిందని, పెళ్లయ్యాక పొద్దంతా ఉండేది ఫ్యాక్టరీకి పోయే మొగుడితో కాదు, ఆ అత్తతోనే అని గుర్తుచేసింది. ప్రణవి తల అడ్డంగా ఊపింది. ఇంక తండ్రికే చెబుదామని హాల్లోకి రాబోతుంటే ఫోన్ మోగింది. శ్రీకాంత్. తల్లి కూడా వినాలని స్పీకర్ పెట్టింది.

"మీరు ఏం రాస్తలేరు. కోపమొచ్చిందా?" అన్నాడతను.

"మీ సంచిల మందుంది. ఎందుకు పొయ్యలేదు?" అంది ప్రణవి.

అవతల నవ్వు వినిపించింది. అదేమీ దాచాల్సిన సంగతి కాదన్నట్టు, ఎంతో మురిపెంగా చెప్పాడు.

"నేను ఉత్త టైప్ జేసిన. మౌస్ మొదటి సంది అమ్మ చేతిలనే ఉంది. ఆమెకు మస్తు నచ్చింది, ఇంక లేస్తలేదు. ఆఁ, ఒక్క నిమిషం, ఏందో అడుగుతుంది... మీ మెడల గొలుసు గూడ ఉందంట, అది తియ్యాలంటే ఏ బటన్ నొక్కాలె?"