గోడమీది పళ్లేలు

“ఒక్క ఫోటో అడిగాను. ఒంట్లో ముక్క కోసిమ్మన్నానా?” అంది ఆవిడ, పొగలు కక్కే పళ్లెం తెచ్చి బల్లమీద పెడుతూ.

“నాకు కుదరదు.” మొగుడు తలెత్తలేదు.

“సెలవు పూట అంత ముంచుకొచ్చే పనేముందో!”

పనేమీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆయన సర్కారు వంటశాలలో వంటమేస్త్రి. గంగాళాల కొద్దీ వండి వార్చే కొలువు, ఊపిరి సలపదు. అక్కడి సంగతులు ఇంట్లో ఎత్తడు. అంత పనిలోనూ ఫోటోల పిచ్చి ఒకటి పట్టుకుంది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తమకిష్టమైంది అడిగి విడిగా వండించుకుంటారట. ఆ రోజున ఎంత హడావిడిలో ఉన్నా సరే, పళ్లెం లోపలికి వెళ్లేలోపు కిటికీ వెలుగులో పెట్టి ఒక ఫోటో తీసుకునేవాడు. అందుకోసం పైవాళ్ల గడ్డం పట్టుకుని బతిమాలి కెమెరాకి అనుమతి తెచ్చుకున్నాడు. తిన్నదెవరండీ అంటే, “ఎవరో లేవే” అనేవాడు. పెద్దాఫీసర్లు కాబోలు అనుకుంది ఆవిడ.

కూతురు తండ్రిని మించింది. వారమంతా బడిలో లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి పేపర్లు దిద్ది, ఆదివారం మధ్యాహ్నం మటుకు “ఇల్లు కూలినా నన్ను పిలవకండి” అని తలుపేసుకుని బొమ్మలేసేది. వేసిందల్లా తండ్రి ఫోటోల్లోని పళ్లేలే. భోజనాల గదిలో గోడ నిండిపోయింది. వచ్చినవాళ్లు నోరెళ్లబెట్టి చూసేవాళ్లు, తీసి తినేయొచ్చన్నట్టుంది అనేవాళ్లు.

ఆవిడకి మాత్రం ఆ గోడంటే ఎందుకో గుబులు. వడ్డిస్తుంటే వెనకాల ఎవరో వరసగా కూర్చుని, చడీచప్పుడూ లేకుండా చూస్తున్నట్టుండేది. ఆయనైతే దానికి వీపు పెట్టి తినేవాడు.

ఓసారి కూతురు గుడ్డు బొమ్మ వేసి చూపించింది.

“ఉప్పేదే?” అన్నాడాయన.

“ఫోటోలో సరిగ్గా కనపళ్లేదు నాన్నా.”

“ఉంది. అడిగి మరీ వేయించుకున్నాడు. వెయ్యి.”

బొమ్మ మళ్లీ కూతురి చేతిలో పెట్టాడు. చిటికెడు ఉప్పుకి ఇంత రాద్ధాంతమా అని తల్లీకూతుళ్లు మూతి బిగించి నవ్వుకున్నారు.

ఇంకోసారి పాలల్లో చిదిపిన రొట్టె.

“ఇది అడిగిందెవరండీ? పాలపళ్లయినా ఊడాయా?” అంది ఆవిడ.

“మీసాలున్నవాడే. వాళ్లమ్మ చిదిపినట్టు మెత్తగా చిదపమన్నాడు.”

“మళ్లీ వచ్చాడా?”

“రాలేదు.”

“ఒక్కళ్లూ రెండోసారి రారేం? మీ చేతి మహిమ అంత ఘనంగా ఉందన్నమాట!”

ఆయన సగం తిన్న కంచం వదిలి లేచి వెళ్లిపోయాడు.

ఇదిగో, ఇవాళ ఆవిడ పుట్టినరోజు. అమ్మ చేతి వంట కూడా గోడెక్కాలని కూతురు పంతం పట్టింది. రంగులు కలుపుకుని సిద్ధంగా కూర్చుంది.

“నాన్నా, వెలుతురు పోతోంది. ముక్కూమొహం తెలియనివాళ్లకి తీస్తావు, అమ్మకి తీయవా?”

ఆయన పళ్లెం వైపు చూశాడు. “ఇది ఎవరు తినడానికి?”

“నేనే. నాకిష్టమైనవన్నీ ఏరి ఏరి వండుకున్నాను” అంది ఆవిడ.

ఆయన మొహం పాలిపోయింది. “అయితే అసలే తీయను.”

ఆవిడకి కడుపు రగిలిపోయింది. ఈయన వంట ఎవరెవరో తిన్నారు. ఈయన ఒళ్లు ఇన్నేళ్లూ నిలబెట్టింది మాత్రం తన చేతి ముద్ద. దానికి ఒక్క ఫోటోపాటి విలువ లేదా? కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“చెప్పండి, నా వంట అంత తీసికట్టా?”

“నువ్వూరుకోమ్మా, నేనే తీస్తా” అంటూ కూతురు కెమెరా ఎత్తింది.

అంతే! ఆయన ఒక్క ఉదుటున వచ్చి పళ్లేన్ని రెండు చేతులా కప్పేశాడు. వేళ్లు కాగే పులుసులో మునిగాయి. అయినా తీయలేదు.

“అయ్యో అయ్యో, చేతులు కాలతాయండీ!”

“కాలనీ. నీ పళ్లెం ఆ గోడెక్కడానికి వీల్లేదు.”

కూతురు కెమెరా దించేసింది. ఆవిడ ఆయన చేతులు బలవంతాన పైకి లాగి, తడిగుడ్డతో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ గోడకేసి చూసింది. ఆ గుడ్డు, ఆ రొట్టె, ఆ చేప ముక్క, ఒక్కటీ ఎవరూ ముట్టుకోనట్టే ఉన్నాయి. ఇన్నాళ్లూ నవ్వులాటగా అడిగిన మాట ఈసారి నెమ్మదిగా అడిగింది.

“నిజం చెప్పండి. ఎవరివి ఆ పళ్లేలు?”

ఆయన గోడవైపు తిరగలేదు.

“ఉరి తీసేముందు వాళ్లు అడిగిన ఆఖరి భోజనాలు.”