ఐదు వందల కేలరీలు

"ఆంటీ, మీరేమీ అనుకోనంటే ఒక మాట అడుగుతాను. డైరీలో రాయకుండా ఇంకేమైనా తింటున్నారా?"

చాముండేశ్వరికి ఒళ్ళు మండింది. కేకు మీద బోర్లించే గాజు మూతలాంటి దాన్ని తలమీద పెట్టించుకుని, అరగంటసేపు కదలకుండా మెదలకుండా పడుకుని అప్పుడే లేచింది. నిన్న రాత్రి ఏడు నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఇంత చేసినందుకు దక్కిన మర్యాద ఈ ప్రశ్న.

"లేదమ్మా. తిన్న ప్రతి ముద్దా రాశాను."

డైటీషియన్ రూప హైదరాబాదు పిల్ల. కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. "చూడండి. మనం ఊరికే పడుకున్నా లోపల పని ఆగదు. గుండె, మెదడు, లివర్, కిడ్నీలు నడుస్తూనే ఉంటాయి. మీరు పీల్చిన ఆక్సిజన్, వదిలిన గాలి కొలిచి, ఆ పనికి మీ ఒంటికి ఎంత శక్తి కావాలో ఈ మెషీన్ చెప్తుంది. మీకు రోజుకి పదమూడు వందల ఎనభై కేలరీలు. మీ వయసుకి ఎంత ఉండాలో అంతే ఉంది."

"నా ఒళ్ళే మొద్దుబారిపోయిందేమో అనుకున్నానే!"

"అదే చిక్కు ఆంటీ. మీ ఒళ్ళు శుభ్రంగా పనిచేస్తోంది. నడక, ఇంటిపని కలిపితే పంతొమ్మిది వందల దాకా కరగాలి. డైరీలో మీరు రాసింది పద్నాలుగు వందలు దాటలేదు. పొద్దున వెన్న తీసిన స్కిమ్ మిల్క్‌తో రాగిజావ, మధ్యాహ్నం సూపు, రాత్రి రెండు పుల్కాలు. ఈ లెక్కన మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాలి. అరకిలో కూడా తగ్గలేదు. అంటే రోజుకి ఐదు వందల కేలరీలు ఎక్కడినుంచో లోపలికి వెళ్తున్నాయి."

ఆ ఆరు కిలోల మీదే ఆమె భర్త కోటేశ్వరరావు ప్రాణం ఉంది. వారానికి మూడు రోజులు డయాలిసిస్‌తో నెట్టుకొస్తున్నాడాయన. చాముండేశ్వరి కిడ్నీ సరిపోతుందని తేలగానే, నా కిడ్నీ నా ఇష్టం అంటూ సంతకం పెట్టేసింది. అయితే ఈ బరువుతో ఆపరేషన్ కుదరదనీ, నెలాఖరులోగా తగ్గకపోతే ఫైలు మూసేస్తామనీ హాస్పిటల్ వాళ్ళు ఖరాఖండీగా చెప్పారు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

పక్కనే కూర్చుని అంతా విన్న కూతురు మధుమిత, కారు యంగ్ స్ట్రీట్ ఎక్కించింది. ఎర్రలైటు దగ్గర ఆగాక అంది.

"అమ్మా, జస్ట్ బీ హానెస్ట్. నాన్నకి ఇవ్వాలంటే భయంగా ఉంటే చెప్పెయ్. ఐ విల్ అండర్‌స్టాండ్. కానీ చాటుగా తింటూ, తగ్గట్లేదని ఏడుస్తూ ఈ డ్రామా ఎందుకు?"

"నేనా? నేను చాటుగా తింటున్నానా?"

"మెషీన్ అబద్ధం చెప్పదు కదా."

పచ్చలైటు పడింది. చాముండేశ్వరి మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. కడుపు మాడ్చుకున్న తనకంటే కన్న కూతురికి ఆ గాజు మూత మీదే నమ్మకం ఎక్కువైంది.

రిచ్‌మండ్ హిల్‌లో ఇల్లు చేరేసరికి కోటేశ్వరరావు సోఫాలో దుప్పటి కప్పుకుని ఎదురుచూస్తున్నాడు. ఒంట్లో ఓపిక లేకపోయినా ఆమెకి జావ, సూపు తనే కాచి ఇస్తానని పట్టుబట్టిన మనిషి. ఆమె జరిగిందంతా చెప్పింది. నా చాముండి అలాంటిది కాదు అని ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటాడని ఆశపడింది.

ఆయన ఆమె మొహం చూడలేదు. "పోనీలే. ఆకలి ఎవరు మాత్రం ఆపుకోగలరు? పొద్దున్నుంచీ ఏమీ తినలేదుగా, సూపు పెడతానుండు," అని మెల్లగా వంటింట్లోకి నడిచాడు.

ఎవరి కోసం ఇదంతా చేస్తోందో ఆయనే నమ్మలేదు. ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది చాముండేశ్వరికి. మూడు నెలల డైరీ పట్టుకుని విసవిసా గరాజ్‌లోకి వెళ్ళి, పారేద్దామని కాగితాలూ ఖాళీ డబ్బాలూ వేసే బ్లూ బిన్ మూత ఎత్తింది.

పైనున్న షాపుల ప్రకటనల కాగితాలు పక్కకి జారాయి. కింద ఒక అట్టడబ్బా, నొక్కి మడిచి ఉంది. విప్పింగ్ క్రీమ్, ముప్పై ఐదు శాతం కొవ్వు. చెయ్యి పెట్టి కెలికితే ఇంకోటి, మరోటి. మొత్తం ఐదు. ఈ బిన్ ఖాళీ అయి రెండు వారాలైనా కాలేదు.

కోటేశ్వరరావుకి పాలూ పెరుగూ డాక్టర్లు మాన్పించారు. మధుమిత ఓట్ మిల్క్ తప్ప తాగదు. నీళ్ళలాంటి పాలతో కాచినా జావ ఇంత కమ్మగా ఎలా వస్తోందని తను మురిసిపోతే, పిండి దోరగా వేయిస్తే అంతేనని ఆయన చెప్పడం గుర్తొచ్చింది.

చాముండేశ్వరి డబ్బాలన్నీ తెచ్చి వంటింటి గట్టు మీద పడేసింది. ఆ చప్పుడుకి కోటేశ్వరరావు గరిటె ఆగింది. వెనక్కి తిరగలేదు.

"మీరా?" అంది ఆమె. "పరాయి పిల్ల ముందు తల దించుకున్నాను. కూతురితో దొంగననిపించుకున్నాను. అన్నీ తెలిసి, మీరు కూడా ఆ మాటే అన్నారు! బతకాలని లేదా మీకు?"

"ఉంది," అన్నాడాయన స్టవ్ ఆపేస్తూ. "కానీ నిన్ను కోయించి కాదు. అందుకే ఆ డాక్టర్లే నిన్ను వద్దనాలి చాముండీ, నేను వద్దంటే నువ్వు వినవుగా."