గళ్ల చీర ఉన్నదా?

"ఎక్కువ మంది ఏం అడుగుతరు అక్కా?" ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా అడిగింది ప్రణీత.

తేజస్విని నోరు తెరిచేలోపే ఆమె భర్త ధనుంజయ్ అందుకున్నాడు.

"రేటెంత, రంగు పోతదా, పార్సిల్ ఎప్పుడొస్తది. గంతే. రోజూ గవే ప్రశ్నలు."

సిరిసిల్లలో ధనుంజయ్‌ది చీరల దుకాణం. వెనక షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తాయి. ముందు గదిలో అమ్మకం. రెండేళ్లుగా సగం బేరం వాట్సాప్‌లోనే. ఆ మెసేజ్‌లకు జవాబులిచ్చేది తేజస్విని. పొద్దున దుకాణం తెరవగానే ఫోన్ ఆమె చేతికిచ్చేవాడు. సాయంత్రం షట్టర్ దించేటప్పుడు తీసుకుని, వచ్చినవీ పోయినవీ అన్నీ చదివేవాడు.

ఇవాళ ఫోన్ ఆమెకు ఇవ్వలేదు. జగిత్యాల నుంచి వచ్చిన ప్రణీత ముందు పెట్టాడు. దుకాణాలకు చాట్‌బాట్‌లు పెట్టివ్వడం ప్రణీత పని. కస్టమర్ ఏదడిగినా ఇకనుంచి మనిషి అక్కర్లేకుండా అదే జవాబు చెబుతుంది.

"ఆమె చెయ్యి చూసినవు గద," అన్నాడు ధనుంజయ్. "నిన్న సాయంత్రం బాత్రూంల జారింది. టైపింగ్ బాధ తప్పుతదని అప్పుడే నీకు ఫోన్ చేసిన."

తేజస్విని కుడి మణికట్టుకు బ్యాండేజీ ఉంది. ఆమె దాన్ని కొంగు కిందికి లాక్కుంది.

"అన్న మంచిగ ఆలోచించిండు అక్కా. నీకు ఇగ పనే ఉండది," అంది ప్రణీత.

తేజస్విని గోడ గడియారం చూసింది. రెండూ ఇరవై.

"ఒకసారి ఫోన్ ఇయ్యరాదా చెల్లె? ఒక్క మెసేజ్ పెట్టి ఇస్త."

"సెట్టింగ్ మధ్యల ఉన్నది అక్కా. ఇప్పుడు ముట్టుకుంటే మళ్ల మొదట్నుంచి చెయ్యాలె."

"ఎవరికి?" అన్నాడు ధనుంజయ్.

"ఎవరికి లేదు. పార్సిల్ గురించి."

"గా పార్సిల్ సంగతి నేను చూసుకుంట తియ్."

ప్రణీత పాత మెసేజ్‌లు ఒక్కొక్కటే పైకి జరుపుతోంది. ఒకచోట ఆగింది.

"గీమె ఎవరన్నా? 'కోరుట్ల గళ్ల చీర' అని సేవ్ చేసుకున్నరు?"

ధనుంజయ్ నవ్వాడు. "గదే గద తమాషా. ఎనిమిది నెలల సంది రోజూ మూడింటికి ఒకటే ముచ్చట. గళ్ల చీర ఉన్నదా? మా ఆమె ఉన్నది అంటది. మంచిది అంటది గామె. ఒక్కటి కొనలే ఇప్పటిదాంక. గిసొంటోళ్ల కోసమే బాట్ కావాలె."

ప్రణీత కూడా నవ్వింది. "అయితే గళ్ల చీరకు కూడ ఒక జవాబు పెడుదాం."

"అయిపోయిందని పెట్టు చెల్లె," అంది తేజస్విని.

ధనుంజయ్ ఆమె వైపు తిరిగాడు. "అయిపోవుడేంది? లోపల ఇరవై చీరలున్నయ్."

"అమ్ముడుపోత లేవు గద. అయిపోయినయ్ అంటే అడుగుడు బంద్ చేస్తరు."

"సరుకు పెట్టుకొని లేదంటరా ఎవరన్న?"

"ఇయ్యాల ఒక్క రోజుకు. రేపు మార్చుకుందాం."

ప్రణీత టైప్ చేయడం ఆపి ఇద్దరి వంకా చూసింది. ధనుంజయ్ మెత్తగా అన్నాడు.

"నీకు కావాల్నా గా చీర? గది చెప్పొచ్చు గద. తీస్కో ఒకటి."

లేచి అరలోంచి ఒక గళ్ల చీర లాగి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఎంత మంచిగ చూసుకుంటడక్కా అన్న," అంది ప్రణీత. మళ్లీ కీబోర్డు మీదికి వంగింది. "ఉన్నదనే పెడుతున్న అన్నా."

రెండూ నలభై ఐదు.

"చెల్లె," అంది తేజస్విని, "బాట్ వద్దు, మనిషితోనే మాట్లాడాలె అంటే ఎట్ల?"

"తొమ్మిది నొక్కాలె అక్కా. అప్పుడు మనిషికి పోతది. నీ నంబర్ చెప్పు, దానికి కలుపుత."

తేజస్విని ముఖం వెలిగింది. అంతలోనే ధనుంజయ్ అన్నాడు:

"ఆమెకు వేరే ఫోన్ లేదు. గా తొమ్మిది నా నంబర్‌కు పెట్టు."

ప్రణీత పెట్టింది. ఆఖరి బటన్ నొక్కి, ఫోన్‌ను అందరికీ కనిపించేలా బల్ల మీద నిలబెట్టింది.

"ఇగ ఎవరన్న మెసేజ్ పెడితే చూడుండ్రి తమాషా."

వెనక సాంచాలు దడదడలాడుతున్నాయి. తేజస్విని రెండడుగులు బల్ల దగ్గరికి జరిగింది. ఎడమ చెయ్యి ముందుకు చాచింది. ధనుంజయ్ ఆ చేతిని పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు.

"నువ్వు ముట్టకు. అది చెప్తది గద."

సరిగ్గా మూడు గంటలకు ఫోన్ మోగింది.

"గళ్ల చీర ఉన్నదా?"

రెప్పపాటులో జవాబు వెళ్లిపోయింది. "నమస్కారం! గళ్ల చీర ఉంది. ధర కోసం 1, రంగుల కోసం 2, మా ప్రతినిధితో మాట్లాడటానికి 9 నొక్కండి."

ముగ్గురూ తెర వైపే చూస్తున్నారు. అవతల టైప్ చేస్తున్నట్టు కనిపించింది. ఆగింది. మళ్లీ కనిపించింది.

తొమ్మిది, అనుకుంది తేజస్విని. తొమ్మిది నొక్కినా లాభం లేదని గుర్తొచ్చింది.

"మంచిది. సల్లగుండు," అని వచ్చింది.

ప్రణీత చప్పట్లు కొట్టింది. "బాట్‌కే దీవెన పెట్టింది చూడన్నా పెద్దమ్మ!"

ధనుంజయ్ ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు.

అక్కడ కోరుట్లలో, 'అయిపోయింది' అని జవాబు వచ్చిన రోజే కారు మాట్లాడుకొని వచ్చి నిన్ను తీసుకుపోతానని బిడ్డకు మాటిచ్చిన తేజస్విని తల్లి వజ్రమ్మ, పక్కింటివాళ్ల ఫోన్ వాళ్లకు తిరిగి ఇచ్చేసింది.