కాజాల చెల్లెమ్మ

"మీకు తోడు ఎవరొచ్చారు?" అడిగింది కంటి ఆసుపత్రి నర్సు.

"ఎవరూ రాలేదు."

"తోడు లేందే చుక్కలు వెయ్యమమ్మా. చుక్కలు పడ్డాక నాలుగు గంటలు చూపు ఆనదు. రోడ్డెలా దాటతారు?"

ఆమె బిక్కమొహం వేసింది. చొక్కాలకు కాజాలు కుట్టుకుని బతికే మనిషి. భర్త పోయి పదేళ్ళు. మిషను చప్పుడు తప్ప ఇంట్లో రెండో గొంతు లేదు. ఉన్నపళాన తోడంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది?

"నేనున్నానుగా! రాసుకో, నేను వీళ్ళన్నయ్యని" అన్నాడు పక్క కుర్చీలోని ముసలాయన.

నర్సు నవ్వి, ఆయన వేలు పట్టుకుని కాగితం మీద చోటు చూపించింది. ఆయన సంతకం గీకేశాడు.

ఆయన చొక్కా గుండీలు ఒక కాజా తప్పి ఉన్నాయి. సరిచెయ్యాలని ఆమెకు చేతులు లాగాయి. బాగుండదని ఊరుకుంది.

"కుడికంటి వెనక తెర మధ్యలో రంధ్రం పడింది" అన్నాడు డాక్టరు. "చిన్నదే. ఇలాంటివి ఒక్కోసారి వాటంతటవే మూసుకుంటాయి. మూడు నెలలు చూద్దాం. రోజూ ఈ గళ్ళ కాగితం చూస్తుండండి, గీతలు తిన్నగా కనబడితే మూసుకుంటున్నట్టే. లేదంటే ఆపరేషన్. ఆ తర్వాత కొన్నాళ్ళు బోర్లా పడుకునే ఉండాలి. అన్నీ ఎవరైనా అందించాలి."

ఎవరైనా! ఆమెకెవరున్నారు?

"జన్మంతా కాజాలు కుట్టాను. చివరికి నా కంట్లోనే ఒకటి పడింది" అంది బయటికొచ్చి.

ముసలాయన పకపకా నవ్వాడు. "మూసుకుంటుందిలే, కాజాల చెల్లెమ్మా. రోజూ ఆ గళ్ళ కాగితం చూస్తూ ఉండు."

మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. బస్సు నంబరు మాత్రం పక్కవాళ్ళనడిగాడు.

తనను చెల్లెమ్మా అని ఎవరైనా పిలిచి ఎన్నేళ్ళయిందో! బస్సులో ఆమెకు ఏడుపొచ్చింది.

రోజూ పొద్దున్నే ఎడమకన్ను మూసి గళ్ళ కాగితం చూసేది. గీతలు మధ్యలో మెలికలు తిరిగేవి. అద్దంలో చూసుకుంటే చెవులుండేవి, జుట్టుండేది. మొహం ఉండాల్సిన చోట మసక.

నెల తర్వాత వెళ్తే ఆయన అదే కుర్చీలో ఉన్నాడు. ఆశగా వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఎవరమ్మా?" అన్నాడు, ఆమె భుజం మీదుగా ఎటో చూస్తూ.

"నేనేనండీ."

"ఓహో, కాజాల చెల్లెమ్మా! గీతలు సర్దుకున్నాయా?"

"ఇంకా లేదన్నయ్యా."

మళ్ళీ సంతకం పెట్టాడు, మళ్ళీ బస్సెక్కించాడు. అయినా ఆ "ఎవరమ్మా" ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. నెల తిరక్కుండానే మొహం మర్చిపోయాడా? తనను గుర్తుంచుకునే మనిషి ఒక్కరూ లేరా?

మూడో నెలకు గీతలు తిన్నగా నిలబడ్డాయి. ఆ సంబరంలో ఆయనకో చొక్కా కుట్టింది. పెద్ద గుండీలు, వాటికి తగ్గ కాజాలు.

ఆసుపత్రిలో ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఈసారి నోరు విప్పలేదు. గుర్తుపడతాడో లేదో చూద్దామనుకుంది.

"ఎవరమ్మా?"

ఆమె పలకలేదు. ఆయన గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు.

ఈసారి చుక్కలు లేకుండానే స్కాన్ తీశారు. "మూసుకుపోయిందమ్మా. ఇక ఆపరేషన్ అక్కర్లేదు" అన్నాడు డాక్టరు.

ఆ మాట చెప్పుకోవడానికి ఆమెకు లోకంలో ఉన్నది ఒక్క మనిషి. చొక్కా సంచీలోనే ఉంచుకుని, ఆ మనిషి ముందు నుంచే విసవిసా వెళ్ళిపోయింది.

కోపం పదిరోజులే నిలిచింది. చొక్కా తీసుకుని మళ్ళీ వెళ్ళింది. కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆయన పోయి నాలుగు రోజులైందమ్మా" అంది నర్సు.

ఆమె చొక్కాను గుండెలకు హత్తుకుంది. "నేనెవరో కూడా గుర్తులేకుండానే పోయాడు" అంది.

"అయ్యో, ఆయనకు రెండు కళ్ళల్లోనూ మీకు పడినటువంటి రంధ్రాలేనమ్మా, ఎంతకీ మూసుకోలేదు; మనిషిని గొంతు విని పోల్చుకునేవాడు, మీరు రావాల్సిన రోజున సాయంత్రం తలుపులు మూసేదాకా వచ్చిన ప్రతి ఆడమనిషినీ 'మా కాజాల చెల్లెమ్మవేనా?' అని అడుగుతూనే కూర్చున్నాడు."